దీపాలు ఆర్పే పండుగ

స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో నేను అద్దెకున్న ఇంట్లో బట్టలు ఉతుక్కునే వంతు నాకు బుధవారం వచ్చేది. ఆ దేశంలో కాపురమున్న తెలుగువాళ్ళకు ఈ మాట వివరించనక్కర్లేదు, మిగతావారి కోసం చెబుతున్నాను. నాలుగంతస్తుల ఇంటికంతటికీ నేలమాళిగలో ఒకటే ఉతికే యంత్రం ఉంటుంది, దాని గది తాళంచెవి ఏ రోజున ఎవరి దగ్గర ఉండాలో రాసిన పట్టిక గోడకు అతికించి ఉంటుంది, ఆ పట్టికను తప్పినవాడు ఆ ఇంట్లో మళ్ళీ మంచివాడనిపించుకోవడం కష్టం. మా ఇంట్లో ఆ పట్టికకు కాపలాదారు నా పైఅంతస్తులో ఒంటరిగా ఉండే ఒక పెద్దాయన. డెబ్బై దాటిన మనిషి. మెట్ల మీద ఎదురైతే టోపీ కాస్త పైకెత్తి, నా ఇంటిపేరుకు ముందు ‘హెర్’ చేర్చి, ‘మీరు’ అనే మర్యాదతో పలకరించి వెళ్ళిపోయేవారు. నేను చేరిన నెలకే తలుపు కింద నుంచి ఒక చీటీ లోపలికి జారింది. రాత్రి పది దాటాక ఈ ఇంట్లో చప్పుళ్ళు కూడవనీ, నా వంటింట్లోంచి ఆవిరి రైలు కూత వంటిదేదో వినిపిస్తున్నదనీ, దానిని పదిలోపల ముగించగలిగితే ఇంటివారందరూ సంతోషిస్తారనీ అందులో గుండ్రని అక్షరాలతో రాసి ఉంది. ఆ ఆవిరి రైలు మా అమ్మ సూట్‌కేసులో బట్టల మధ్య సర్ది పంపిన మూడు లీటర్ల ప్రెషర్ కుక్కరు.

ఈ చీటీ సంగతీ బుధవారం సంగతీ పండుగతో ముడిపడినవే కనుక ముందు చెప్పాను.

నేను బాసెల్ చేరింది 2016 శరదృతువులో, ఒక మందుల కంపెనీలో గణాంకాల పని మీద. రైన్ నది కుడిగట్టున క్లైన్‌బాసెల్ అనే పేటలో ఇల్లు దొరికింది. ఫ్రాన్సు, జర్మనీ, స్విట్జర్లాండు మూడూ కలిసే చోటు అది. ట్రామెక్కి కునుకు తీస్తే వేరే దేశంలో మెలకువ వస్తుంది. హైదరాబాదులో ఆరు నెలలు కష్టపడి నేర్చుకున్న నా జర్మన్ ఆ ఊరివాళ్ళకు అర్థమయ్యేది గాని, వాళ్ళు తమలో తాము మాట్లాడుకునే బాసెల్ మాండలికం నాకు ఒక ముక్కా అర్థమయ్యేది కాదు. ఆ చలికాలపు సాయంత్రాలలో ఆఫీసు నుంచి వస్తుంటే పాత ఇళ్ళ నేలమాళిగల నుంచి డ్రమ్ముల మోత, దానిపైన సన్నని ఈల వంటి వాద్యం వినిపించేవి. పట్టాలతో పాటు నడుస్తున్నట్టు ఒకే గతి, ఒకే చోట తప్పు, మళ్ళీ మొదటి నుంచి. ఏదో సైనికుల బడి అనుకున్నాను. జనవరి రాగానే రొట్టెల అంగళ్ళలో నాలుగు రంధ్రాలున్న, పైన షాజీరా చల్లిన వెన్న రొట్టె ఒకటి దర్శనమిచ్చింది. దాని పేరుకు అర్థమడిగితే ‘ఉపవాస రొట్టె’ అన్నారు. అంత వెన్న వేసిన ఉపవాసం ఏమిటని మా బృందంలోని ఒక బాసెల్ సహోద్యోగిని అడిగాను. ఆయన కుర్చీ నా వైపు తిప్పుకుని, ఆ మధ్యాహ్నం పని అంతటితో కట్టిపెట్టాడు.

అప్పుడు తెలిసింది ఆ ఊరికి ఫాస్నాఖ్ట్ అనే పండుగ ఒకటి ఉందని. ఈస్టరుకు ముందు క్రైస్తవులు పాటించే నలభై రోజుల నియమకాలానికి ముందర, మాంసమూ వెన్నా మద్యమూ తృప్తిగా ముగించుకోవడానికి పుట్టిన సంబరాలే ఈ కార్నివాల్‌లన్నీ. కొలోన్, మైన్స్ వంటి జర్మన్ నగరాలలో, ఆ నియమకాలం మొదలయ్యే బూడిద బుధవారం వచ్చేసరికి అంతా అయిపోతుంది. బాసెల్‌లో మాత్రం, మిగతా లోకం వేషాలు కడిగేసుకుని గంభీరంగా మారిన తరువాతి సోమవారం నాడు మొదలవుతుంది. 1091లో బెనెవెంతో సభలో పెద్దలు, ఆదివారాలు ఉపవాసం లెక్కలోకి రావని తేల్చి, నలభై రోజులు నిండడానికి నియమకాలాన్ని ముందుకు జరిపారు. బాసెల్ జరగలేదు, పాత లెక్క మీదే ఉండిపోయింది. 1529లో ఆ నగరం ప్రొటెస్టెంటు మతంలోకి మారాక ఉపవాసం కూడా పోయింది. ఉపవాసానికి ముందరి విందు మాత్రం మిగిలింది. ఇది నాకు చాలా నచ్చిన ఏర్పాటు. మా వైపు కూడా ఏకాదశి ఉపవాసం మానేసినవాళ్ళు ద్వాదశి పారణను ఎన్నడూ మానినట్టు చూడలేదు.

పండుగ కచ్చితంగా డెబ్బైరెండు గంటలు. సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి మొదలై, గురువారం తెల్లవారుజామున నాలుగింటికి ఆగిపోతుంది. ఆ ఊరివాళ్ళు వీటిని ‘మూడు అతి అందమైన రోజులు’ అంటారు. ఆ మాట అనేటప్పుడు మామూలుగా మొహంలో ఏ భావమూ కనబడనివ్వని మనుషుల కళ్ళు కూడా చెమ్మగిల్లడం నేను చూశాను.

మొదటి ఏడాది, అంటే 2017 మార్చి 6న, నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. కార్నివాల్ అంటే అందరూ వేషాలు వేస్తారనే సాధారణ జ్ఞానంతో ఏడు రంగుల ఉంగరాల విగ్గు ఒకటి కొనుక్కుని, తెల్లవారుజామున మూడుంబావుకు దానిని తలకు తగిలించుకుని క్లారా కూడలికి చేరాను. వేలమంది జనం, అందరూ నల్లటి, బూడిదరంగు చలికోట్లలో, పెళ్ళికి కాదు పరామర్శకు వచ్చినట్టున్నారు. సహోద్యోగి నన్ను దూరం నుంచే గుర్తుపట్టి, గబగబా వచ్చి, ఏమీ అనకుండా ఆ విగ్గు తీసి మడిచి నా చేతిసంచిలో పెట్టాడు. ఈ పండుగలో వేషం వేసేవాళ్ళు వేరు, చూసేవాళ్ళు వేరట. చూసేవాళ్ళు వేషం వేయకూడదు, మొహానికి రంగు పూసుకోకూడదు, ఫ్లాష్‌తో ఫొటోలు తీయకూడదు. కోటుకు ఆ ఏటి ‘బ్లాగ్గెడె’ అనే లోహపు బిళ్ళ మాత్రం పెట్టుకోవాలి. రాగి, వెండి, బంగారు రంగుల్లో అమ్మే ఆ బిళ్ళల డబ్బు పండుగ ఖర్చులకు పోతుంది. 1911 నుంచి ఉన్న పద్ధతి. నాకోసం రాగిబిళ్ళ ఆయనే కొని తెచ్చాడు. విగ్గు మళ్ళీ సంచి దాటి బయటకు రాలేదు.

పాత వంతెన దాటి మార్కెట్ కూడలికి వెళ్ళే సందు మొదట్లో నిలబడ్డాం. చలికి కాలివేళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదు. చర్చి గంట నాలుగు కొట్టడమూ, పాతనగరంలోని వీధిదీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోవడమూ ఒకేసారి జరిగాయి. విద్యుత్ సంస్థవారే ఆ క్షణానికి కాచుకుని మీట నొక్కుతారు. అంగళ్ళవాళ్ళు, ఇళ్ళవాళ్ళు కూడా తమ దీపాలు ముందే ఆర్పి ఉంచుతారు. మన ఊళ్ళలో కరెంటు పోతే ఒక గోల పుడుతుంది, ఏదో ఒక మూల నుంచి ఒక ఈల, ఒక కేక, ఒక తిట్టు. ఇక్కడ అంత జనంలో ఎవరూ నోరు విప్పలేదు. ఆ నల్లటి నిశ్శబ్దంలో ఎక్కడి నుంచో ఒక గొంతు మాండలికంలో ‘మోర్గెష్ట్రైఖ్! ముందుకు, కదలండి!’ అని ఆజ్ఞ వేసింది. ఆ మాట ఇంకా చెవిలో ఉండగానే ఊరు ఊరంతా, ముందరి సందులోనూ వెనక సందులోనూ, కనబడనంత దూరంలోనూ, వందల డ్రమ్ములు, వందల పికొలోలు మోర్గెష్ట్రైఖ్ అనే ఆ ఒకే పాటను ఎత్తుకున్నాయి. పికొలో అంటే జానెడున్నర పిల్లనగ్రోవి. అయితే మన వేణువులోని తీయదనం దానికి లేదు. చలిగాలికే గొంతు వచ్చినట్టుంటుంది. ఆ గొంతుల కింద డ్రమ్ముల మోత పాదాల గుండా పైకి వచ్చింది. చిన్నప్పటి నుంచి డప్పు విన్నవాణ్ని నేను. డప్పు మోగితే కాలు ఎగురుతుంది. ఈ డ్రమ్ము మోగితే కాలు ఎగరదు, నడుస్తుంది. ఎటో తెలియకుండానే నడవాలనిపిస్తుంది.

తరువాత లాంతర్లు వచ్చాయి. ‘క్లీక్’ అని పిలిచే ఒక్కొక్క బృందానికి ఒక్కొక్క పెద్ద లాంతరు ఉంటుంది. నిలువెత్తు మనిషిమీద మరో మనిషి నిలబడ్డంత ఎత్తు, చెక్కచట్రానికి గుడ్డ బిగించి, దానిమీద ఆ ఏటి రాజకీయాలనో ఊరి కుంభకోణాన్నో ఎగతాళి చేస్తూ బొమ్మలు వేసి, లోపల దీపం పెడతారు. వాయించేవాళ్ళ తలల మీద కూడా చిన్న చిన్న లాంతర్లు. పంతొమ్మిదో శతాబ్దంలో, 1845లో, మంటల భయంతో కాగడాలను నిషేధిస్తే దానికి విరుగుడుగా పెరిగినవట ఈ లాంతర్లు. ఆ బొమ్మలను వెనక నుంచి వచ్చే వెలుగులో చూస్తుంటే నాకు తోలుబొమ్మలాట తెర జ్ఞాపకం వచ్చింది. ఎరుపు అంటే పైన పూసిన ఎరుపు కాదు, లోపల నుంచి కాలుతున్న ఎరుపు. ఆ ఏడు ఎటు చూసినా అమెరికా కొత్త అధ్యక్షుడి జుట్టే. తెరమీద రావణుడి పది తలలకు కూడా చిత్రకారులు అంత రంగు ఖర్చు పెట్టి ఉండరు.

నాకు అర్థం కాని సంగతి ఇంకొకటుంది. ఇన్ని బృందాలు ఇన్ని సందుల్లో ఒకేసారి నడుస్తుంటే ఎవరు ఎటు వెళ్ళాలో నిర్ణయించేవాళ్ళు ఎవరూ లేరు. ఎవరికి తోచిన దారిన వాళ్ళు వెళతారు. రెండు బృందాలు ఎదురుపడితే ఒకటి ఆగి దారి ఇస్తుంది. గోడకు అతికించిన పట్టిక లేకుండా ఆ దేశంలో ఏ పనీ జరగదని అప్పటికి నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఆ తెల్లవారుజామున సడలింది.

అయిదింటికి ఒక హోటల్లోకి దూరి పిండి సూపు తాగాం. గోధుమపిండిని ముదురు గోధుమరంగు వచ్చేదాకా వేయించి, నీళ్ళు పోసి గంటలకొద్దీ కాచి, పైన జున్ను తురిమి ఇస్తారు. చాలాచోట్ల మాంసపు రసంతో కాస్తారు కనుక శాకాహారులు అడిగి తాగడం మంచిది. రుచికి ఏమంత గొప్పగా లేదు. అయితే ఆ వేగిన పిండి వాసన తగిలేసరికి, దీపావళి ముందు సున్నుండల కోసం మా నాయనమ్మ మినుములు వేయించే వంటిల్లు కళ్ళముందుకు వచ్చి, రెండో గిన్నె కూడా అడిగి పుచ్చుకున్నాను. అంతలో అమ్మ ఫోను. అక్కడ ఉదయం తొమ్మిదిన్నర. “ఏరా, ఇంత పొద్దున్నే లేచావా?” అంది ఆశ్చర్యంగా. నేపథ్యంలో డ్రమ్ములు విని, ఆఫీసులో ఎవరికైనా పెళ్ళేమో అనుకుంది.

మధ్యాహ్నం ఊరేగింపు గురించి ఎక్కువ చెప్పను. పగటి వెలుగులో అది కూడా లోకంలోని మిగతా ఊరేగింపుల వంటిదే. కానీ వాగ్గిస్‌ను వదిలిపెట్టలేను. పొరుగునున్న అల్సాస్ రైతును వెక్కిరించడానికి పుట్టిన వేషం అది. గుమ్మడికాయంత ముక్కు, గడ్డివామి వంటి జుట్టు, నీలం చొక్కా, చెక్కచెప్పులు. బండి మీద నుంచి నారింజపండు చాపి, మనం చేయి చాచగానే వెనక్కి లాక్కుని, రెండో చేత్తో కాలరు పట్టుకుని, ‘రెప్లి’ అనే రంగుకాగితపు ముక్కలను గుప్పెళ్ళకొద్దీ మెడలోంచి వీపులోకి కూరుతాడు. బ్లాగ్గెడె పెట్టుకోనివాళ్ళ మీద వాడికి మరీ ప్రేమ. ఈ రెప్లికి కూడా ఒక శాస్త్రం ఉంది. సంచిలో ఒకటే రంగు ఉండాలి. రంగులు కలిసి ఉన్నాయంటే నేలమీద నుంచి ఊడ్చి మళ్ళీ అమ్ముతున్నారన్నమాట. మంగళవారం రాత్రి గుగ్గె బృందాలు ఇత్తడి వాద్యాలతో కావాలని అపశ్రుతిలో వాయిస్తాయి. మా వైపు పెళ్ళి బ్యాండువాళ్ళు ఏ శ్రమా లేకుండా సాధించే ఈ ఫలితం కోసం వీళ్ళు ఏడాదంతా సాధన చేస్తారు.

ఆ పండుగ నిజంగా నన్ను తాకింది రెండో ఏడు, 2018 ఫిబ్రవరి 21న. బుధవారం. ఉతికే యంత్రం వంతు వదులుకుని, స్పాలెన్‌బెర్గ్ ఎత్తు మీద ఒక మూల నిలబడి ఊరేగింపు చూస్తున్నాను. గుంపులోంచి ఒక ‘అల్టి డాంటె’ నేరుగా నా వైపు నడిచి వచ్చింది. అల్టి డాంటె అంటే ముసలి అత్తమ్మ అని చెప్పుకోవచ్చు. పాతకాలపు గొప్పింటి ముసలమ్మ వేషం అది. పూల టోపీ, లేసు చేతితొడుగులు, పూసల చేతిసంచి, పెదవి విరిచిన కాగితపు గుజ్జు ముఖం. ఆ ముఖాన్ని వాళ్ళు ‘లార్వె’ అంటారు. లోపల ఉన్నది ఆడో మగో ఎవరికీ తెలియదు. ఆ అత్తమ్మ గొడుగు మొనతో నా బొజ్జమీద పొడిచి, కావాలని కీచుగా మార్చిన గొంతుతో, నాకోసం మాండలికాన్ని కాస్త నెమ్మది చేసి, “నువ్వు బుధవారం అబ్బాయివి కదూ!” అంది.

మూడేళ్ళ పిల్లవాడితోనో, మంచి స్నేహితుడితోనో తప్ప ఆ ఊళ్ళో ఎవరూ ‘నువ్వు’ అనరు. అపరిచితులు అసలే అనరు.

“ఇక్కడ నిలబడి గుడ్లప్పగించి చూస్తుంటే నీ దుప్పట్లు ఎవరు ఉతుకుతారు? వంతు పోతే మళ్ళీ రెండు వారాలు ఆగాలి, తెలుసా?” అని, చేతులు దోనె చేసి లార్వె నోటి దగ్గర పెట్టుకుని ‘కుయ్య్... కుయ్య్... కుయ్య్...’ అని మూడుసార్లు అచ్చం మా కుక్కరులా కూసింది. “మూడు కూతలకు ఉడికేదానికి నాలుగోది ఎందుకయ్యా?” చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతున్నారు. నేనూ నవ్వుతున్నాను, చెవులు కాలుతున్నాయి. అప్పుడు అత్తమ్మ ఇంకా దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి, “ఏడాదిన్నరైంది. మెట్ల మీద ‘గ్రూట్సి’ అన్న ఒక్క మాట తప్ప నీ నోటి నుంచి ఇంకో మాట రాలేదు. అది కూడా జ్యూరిక్ వాళ్ళ పలకరింపు! పైనున్నవాళ్ళు బతికున్నారో లేదో ఒక్కనాడైనా తలుపు తట్టి అడిగావా?” అంది. నేను జవాబు వెతుక్కునేలోపల పూసల సంచిలోంచి ఒక మిఠాయి బిళ్ళ తీసి నా అరచేతిలో పెట్టి, రెండో చేత్తో గుప్పెడు ఆకుపచ్చ రెప్లి నా కాలరులోకి వదిలి, గుంపులో కలిసిపోయింది.

దీనిని వాళ్ళు ‘ఇంట్రిగియెరెన్’ అంటారని తరువాత సహోద్యోగి చెప్పాడు. ముసుగు వెనక నుంచి, గొంతు మార్చి, తెలిసినవాడికి మామూలు రోజుల్లో చెప్పలేని నిజాన్ని మొహాన చెప్పడం. ఎంత పదునుగా చెప్పినా వినేవాడు కోపగించుకోకూడదు, ముసుగు వెనక ఎవరున్నారో గుర్తుపట్టినా బయటపెట్టకూడదు. ఈ రెండో నియమం నాకు కొత్త కాదు. నా చిన్నప్పుడు సంక్రాంతి దాటాక మా తాతగారి ఊరికి పగటి వేషాలవాళ్ళు వచ్చేవారు. ముసలి సోమయాజులు, సోమిదేవమ్మ వేషాలు కట్టి వచ్చిన ఇద్దరూ వాకిట్లో నిలబడి మా తాతగారి పిసినారితనాన్ని ఆయన మొహానే ఏకరువు పెడుతుంటే, ఆయన అరుగుమీద కూర్చుని కండువాతో మొహం దాచుకుని నవ్వేవారు. నేను సోమిదేవమ్మను గుర్తుపట్టి, నిరుడు బుడబుక్కలవాడుగా వచ్చింది ఇతనేనని అరిచాను. మా నాయనమ్మ నా నెత్తిన ఒక్కటి మొట్టి, “వేషంలో ఉన్నవాణ్ని పేరు పెట్టి పిలవకూడదురా!” అంది.

గురువారం మెట్ల మీద పెద్దాయన ఎదురయ్యారు. టోపీ ఎత్తారు. మామూలు ‘గ్రూట్సి’ని మింగేసి, ‘గూటె డాగ్’ అని బాసెల్ పలకరింపు అన్నాను. ఆయన కనుబొమ కాస్త కదిలిందనిపించింది. ఫాస్నాఖ్ట్ చూశారా అని అడిగాను. ఆ గోల తనకు పడదనీ, ఏటా ఆ మూడు రోజులూ ఎంగాడీన్ కొండలకు మంచు జారుడు ఆటకు పోతాననీ అన్నారు. అది కూడా నిజం కావచ్చు. పండుగ సెలవుల్లో ఊరు విడిచి కొండలకు పోయే బాసెల్ వాళ్ళు చాలామందే ఉన్నారు. అయితే మంచుకొండల ఎండకు కమిలిన మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఈయన మొహం పాలిపోయి, మూడు రాత్రులు నిద్రలేనట్టుంది. నేను ఇంకేమీ అడగలేదు. ఎదురింటి ఆవిడ మీద కూడా నాకు కొంచెం అనుమానం ఉండేది. కూతల లెక్క ఆవిడకు కూడా తెలుసు కదా.

ఆ తరువాతి సంక్రాంతికి అమ్మ పంపిన అరిసెలు నాలుగు పళ్ళెంలో పెట్టుకుని మొదటిసారి పైఅంతస్తుకు వెళ్ళి తలుపు తట్టాను. ఆయన కాఫీ ఇచ్చారు. గదిలో పుస్తకాలు, గోడ గడియారం, భార్య ఫొటో. పండుగ జాడ ఎక్కడా లేదు. రెండు అరిసెలు తిని, ఇందులో చక్కెర ఎంత అని అడిగారు. చక్కెర కాదు, బెల్లమని చెప్పి, పాకం ఎప్పుడు దించాలో చేతులతో చూపించబోయి కాఫీ ఒలకబోశాను. అప్పటి నుంచి నెలకు ఒకటి రెండుసార్లు పైకి వెళ్ళేవాణ్ని. ‘మీరు’ మాత్రం ‘మీరు’గానే ఉండిపోయింది.

2019 మార్చిలో నాకు ఆ పండుగలోని అసలు రుచి తెలిసింది. యునెస్కో వారు 2017 డిసెంబరులోనే దానిని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చారు, కూడళ్ళలో విదేశీ యాత్రికులు పెరిగారు. పాత కాపులు కూడళ్ళు వదిలి సందుల్లోకి పోయేవారు. రాత్రి పదకొండు దాటాక, లాంతర్లు పక్కన పెట్టి, అయిదారుగురు పికొలోలు, ఇద్దరు ముగ్గురు డ్రమ్ములు ఒక జట్టుగా, ఏ ఊరేగింపులోనూ భాగం కాకుండా, నాడెల్‌బెర్గ్ పక్కనున్న ఇరుకు సందుల్లో వాయిస్తూ నెమ్మదిగా నడుస్తారు. దీనిని ‘గెస్లె’ అంటారు. ఆ జట్టు వెనక ఎవరైనా నడవవచ్చు, అనుమతి అడగనక్కర్లేదు, మాట్లాడనక్కర్లేదు. జ్యూరిక్ నుంచి ఒక కుర్ర మిత్రుడు నన్ను చూడటానికి వచ్చాడు. వాడు పది నిమిషాలు నడిచి, “అన్నా, ఇదేం పండుగ, ఒక్కడూ ఎగరడం లేదు!” అని ఆవలించి హోటలు వెతుక్కుంటూ పోయాడు. నేను రెండు గంటలు నడిచాను. రాళ్ళు పరిచిన సందు, రెండు పక్కలా అయిదారు వందల ఏళ్ళ ఇళ్ళు, ముందు పడి మళ్ళీ గోడల నుంచి తిరిగివచ్చే చప్పుడు. నా ముందు ఒక ముసలి జంట చేతులు పట్టుకుని వాయిద్యానికి సరిగ్గా అడుగు కలిపి నడుస్తున్నారు. అంతవరకూ ఆ ఊళ్ళో నేను వీసా గడువు లెక్కపెట్టుకునే మనిషిని. ఆ రెండు గంటలూ నన్ను ఎవరూ ఎవరివని అడగలేదు. నడకలో అడుగు తప్పకపోతే చాలు.

ఆ రాత్రే ఒక నేలమాళిగ హోటల్లో ష్నిట్సెల్‌బాంక్ గాయకులను విన్నాను. వేషాల్లో వచ్చి, బొమ్మల అట్టలు చూపుతూ, మాండలికంలో పద్యాలు పాడి పోతారు. విసురంతా మన చాటుపద్యంలో వలె చివరి పాదంలోనే ఉంటుంది. మొదటి ఏడు ఏమీ అర్థం కాక, అందరూ నవ్వినప్పుడు నవ్వాను. మూడో ఏటికి అందరికంటే అర నిమిషం ఆలస్యంగానైనా సొంతంగా నవ్వాను. పక్క బల్లవాళ్ళు తిరిగి చూసి మళ్ళీ నవ్వారు. గురువారం నాలుగింటికి ఎక్కడివాళ్ళు అక్కడ చివరి స్వరం వాయించి ఆగిపోయారు. నేను ఏడింటికి ట్రాము ఎక్కేసరికి మునిసిపాలిటీ యంత్రాలు వీధులన్నీ ఊడ్చేసి ఉన్నాయి. రాళ్ళ సందుల్లో ఎక్కడో ఒక పసుపు రెప్లి తప్ప ఏమీ లేదు.

మరుసటి ఏడు పండుగ మార్చి 2న రావాలి. ఫిబ్రవరి 28, శుక్రవారం, కరోనా కారణంగా వెయ్యిమందికి మించి గుమిగూడే కార్యక్రమాలన్నింటినీ ప్రభుత్వం నిషేధించింది. అంటే ఫాస్నాఖ్ట్ లేదు. లాంతర్లకు రంగులు పూర్తయి ఉన్నాయి, బ్లాగ్గెడెలు అమ్ముడై ఉన్నాయి. ఆఫీసులో సహోద్యోగి కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు బయటకే చూస్తూ ఉండిపోయాడు. సాయంత్రం మెట్ల మీద పెద్దాయన ఎదురయ్యారు. నేనే ముందు పలకరించాను. ఆయన తలూపి వెళ్ళిపోయారు. టోపీ ఎత్తడం మరచిపోయారు. ఈసారి ఎంగాడీన్ వెళ్ళడం లేదా అని అడగబోయి మానుకున్నాను.

సోమవారం తెల్లవారుజామున అలారం పెట్టుకోకుండానే నాకు మెలకువ వచ్చింది. నాలుగుకు అయిదు నిమిషాలుంది. వంటింట్లోకి వెళ్ళి దీపం వేసి, పాలు పొయ్యిమీద పెట్టాను. వీధి ఖాళీగా ఉంది. దూరాన చర్చి గంట నాలుగు కొట్టింది. అప్పుడు పైన, సరిగ్గా నా తలమీద, ఒక చప్పుడు మొదలైంది. డ్రమ్ము కాదు. డ్రమ్ము వాయించేవాళ్ళు ఇంట్లో సాధనకు వాడే రబ్బరు బిళ్ళ మీద రెండు కర్రలు మెత్తగా, తొందర లేకుండా, తడబాటు లేకుండా ఆ పాటనే నడిపిస్తున్నాయి. మూడున్నరేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటూ ఆ చప్పుడు నేను ఒక్కసారి కూడా వినలేదు. అంటే ఆయన సాధనంతా మరెక్కడో, ఏ నేలమాళిగలోనో చేసుకునేవారన్నమాట. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకూ చప్పుళ్ళు కూడవన్న కాగితం కింద వాకిట్లో ఆయన అతికించిందే, ఇంకా అలాగే ఉంది.

పొయ్యి ఆపి, వంటింటి దీపం ఆర్పి, ఆ చీకటిలో గోడకు ఆనుకుని నిలబడ్డాను. పైన కర్రలు రెండో చరణం ఎత్తుకున్నాయి.